ఇబ్నె అబ్బాస్ (రజి) చూసిన విందు

హిజ్రీ మొదటి శతాబ్దంలో మదీనా నగరంలో ఒక పెళ్ళి విందు జరిగింది. పెళ్ళికొడుకు అతిథుల ముందు పదమూడు ‘దబ్బ్’లను వండించి పెట్టాడు. వచ్చినవారిలో కొందరు తిన్నారు, కొందరు ముట్టలేదు. ఆ విందుకు వెళ్ళినవారిలో యజీద్ బిన్ అసమ్మ్ అనే తాబియీ ఒకరు. మరునాడు ఆయన హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ అబ్బాస్ (రజి) ను కలుసుకొని ఈ సంగతి చెప్పారు. చుట్టూ కూర్చున్నవారు తలా ఒక మాట అందుకున్నారు. దైవప్రవక్త (స) దాన్ని తాను తిననని, అయితే నిషేధించననీ చెప్పారు కదా అని ఒకరు గుర్తుచేశారు. ఆ మాట వినగానే ఇబ్నె అబ్బాస్ (రజి) కు కోపం వచ్చింది. మీరు పలికింది ఎంత చెడ్డ మాట, హలాల్ హరామ్‌లను విడమరచి చెప్పడానికే కదా దైవప్రవక్త (స) ను అల్లాహ్ పంపాడు అని వారిని మందలించి, పూర్వం తమ ఖాలా గారి ఇంట్లో జరిగిన ఒక భోజనం సంగతి వివరించారు. ఈ ఉదంతం సహీహ్ ముస్లింలో ఉంది.

ఇంత చిన్న విషయానికి ఆ మహనీయునికి కోపం ఎందుకు వచ్చింది? ఈ ప్రశ్నకు సమాధానం వెదకబోతే, మన ఇళ్ళలో దాదాపు ప్రతిరోజూ తలెత్తే ఒక తగువు మూలం దొరుకుతుంది. ఇంటి పెద్దకు గిట్టని కూర, అత్తగారికి నచ్చని రంగు, మామగారికి అలవాటు లేని వస్త్రధారణ కొంతకాలానికి ‘మన ఇంట్లో ఉండదు’ అన్న మాట దాటిపోయి, ‘మన ధర్మంలో లేదు’ అన్న మాటగా మారుతాయి. మొదటి మాటకు ఎవరూ అభ్యంతరం చెప్పనక్కరలేదు. రెండవ మాట అల్లాహ్ పేరున పలికే మాట. దాన్ని పలకడానికి ఆధారం కావాలి.

ముందుగా ‘దబ్బ్’ అంటే ఏమిటో చెప్పాలి. మన తెలుగు అనువాదాలలో దీన్ని ‘ఉడుము’ అని రాయడం పరిపాటి. ఉర్దూ అనువాదకులు ‘గోహ్’ అని రాస్తూ వచ్చిన అలవాటే ఇక్కడికీ వచ్చింది. నిజానికి ఉడుమును అరబ్బులు ‘వరల్’ అంటారు. అది పురుగులనూ, ఎలుకలనూ, గుడ్లనూ తినే మాంసాహారి. ‘దబ్బ్’ వేరు. అది ఎడారిలో బొరియలు తవ్వుకొని బతుకుతూ ముఖ్యంగా ఆకులూ గడ్డీ మేసే, తోకనిండా ముళ్ళుండే బల్లిజాతి ప్రాణి. దాని దగ్గరి బంధువు ఒకటి మన దేశంలో రాజస్థాన్, కచ్ ఇసుక నేలల్లో ఉంది. మన ప్రాంతంలో లేదు కనుక దానికి తెలుగులో సరైన పేరు లేదు. ‘ఉడుము’ అని రాస్తే పాఠకుని మనసులో మరో జంతువు మెదులుతుంది. ఫిఖ్హ్ చర్చ కూడా పక్కదారి పడుతుంది. అందుకే ఈ వ్యాసంలో అరబీ పేరునే ఉంచుతున్నాను.

ఇక ఆ భోజనం సంగతి. అది జరిగిన ఇల్లు విశ్వాసుల మాతృమూర్తి హజ్రత్ మైమూనా బిన్తె హారిస్ (రజి) గారిది. దైవప్రవక్త (స) ఆమెను హి.శ. 7లో ఉమ్రతుల్ ఖజా సందర్భంగా వివాహమాడారు. ఆమెకు అక్కచెల్లెళ్ళు చాలామంది. వారిలో లుబాబా కుబ్రా, అనగా ఉమ్ముల్ ఫజ్ల్ (రజి), హజ్రత్ అబ్బాస్ (రజి) భార్య. ఇబ్నె అబ్బాస్ (రజి) కు తల్లి. లుబాబా సుగ్రా హజ్రత్ ఖాలిద్ బిన్ వలీద్ (రజి) కు తల్లి. మరో సోదరి కుమారుడే పైన చెప్పిన యజీద్ బిన్ అసమ్మ్. అంటే ఖాలిద్ (రజి) కూ, ఇబ్నె అబ్బాస్ (రజి) కూ, యజీద్ గారికీ మైమూనా (రజి) ఖాలా అవుతారు. ఇంకొక సోదరి ఉమ్మె హుఫైద్ (రజి) నజ్ద్ ప్రాంతంనుంచి దబ్బ్ మాంసాన్ని కానుకగా తీసుకువచ్చారు. కనుక ఇది రాజసభలో జరిగిన చర్చ కాదు, మస్జిదులో వెలువడిన ఫత్వా కాదు. పుట్టింటి తోబుట్టువు తెచ్చిన కానుకను వండి, అక్కచెల్లెళ్ళ పిల్లలను కూర్చోబెట్టి పెట్టిన ఇంటి భోజనం.

ఖాలిద్ (రజి) ఇస్లాం స్వీకరించి మదీనా చేరింది హి.శ. 8 (క్రీ.శ. 629) లో. దైవప్రవక్త (స) పరమపదించింది హి.శ. 11 (క్రీ.శ. 632) లో. ఆ రెంటి మధ్య కాలంలో ఈ విందు జరిగింది. ఇబ్నె అబ్బాస్ (రజి) అప్పటికి పది పన్నెండేళ్ళు దాటిన బాలుడు.

వేడి రాళ్ళమీద కాల్చిన మాంసం వడ్డించారు. దైవప్రవక్త (స) చేయి చాచారు. ఆయనకు ఏం పెట్టారో చెప్పండి అని ఇంటి స్త్రీలలో ఒకరు అన్నారు. అది దబ్బ్ మాంసమని తెలియగానే ఆయన చేయి వెనక్కి తీసుకున్నారు. ఖాలిద్ (రజి) వెంటనే, ఇది హరామా ప్రవక్తా అని అడిగారు. కాదని సెలవిచ్చి, ఇది మావాళ్ళ ప్రాంతంలో ఉండేది కాదు, అందువల్ల నాకు మనస్కరించడం లేదు అన్న భావం వచ్చేలా చెప్పారు. అప్పుడు ఖాలిద్ (రజి) పళ్ళాన్ని తనవైపు లాక్కొని తిన్నారు. దైవప్రవక్త (స) చూస్తూ ఉన్నారు.

చూస్తూ ఉన్నారన్న ఆ ఒక్క వివరాన్ని హదీసు వేత్తలు ఎంతో విలువైనదిగా భావించారు. దైవప్రవక్త (స) ఎదుట జరిగి, ఆయన వారించని పని ‘తఖ్రీర్’ అవుతుంది. అది షరీఅత్‌లో ఆధారం. పెద్దయ్యాక ఇబ్నె అబ్బాస్ (రజి) చేసిన వాదం కూడా ఇదే. హరామ్ అయిన వస్తువును దైవప్రవక్త (స) విస్తరిమీద ఎవరూ తిని ఉండేవారు కాదన్నది ఆయన తర్కం. పెళ్ళి విందు మరునాడు ఆయనకు వచ్చిన కోపం కూడా దీనివల్లనే అర్థమవుతుంది. తిననూ, నిషేధించనూ అన్న మాటను విన్నవారు దాన్ని ఏ తీర్పూ ఇవ్వకుండా వదిలేసిన విషయంగా తీసుకుంటున్నారు. ఆయన దృష్టిలో తీర్పు అయిపోయింది. తినడం ధర్మసమ్మతం. తినకపోవడం ఒక వ్యక్తి మనస్తత్వం. ఆ రెంటినీ కలిపి ఒక అనుమానంగా మిగల్చడం ఆయన సహించలేకపోయారు.

ఆ విస్తరి చుట్టూ ఉన్నవారిని ఒక్కొక్కరినే గమనించండి. దైవప్రవక్త (స) తినలేదు. ఖాలిద్ (రజి) తిన్నారు. యజీద్ ఉల్లేఖనం ప్రకారం ఇబ్నె అబ్బాస్ (రజి) అన్నగారైన ఫజ్ల్ (రజి) కూడా తిన్నారు, అక్కడున్న మరొక స్త్రీ తిన్నది. మైమూనా (రజి) మాత్రం, దైవప్రవక్త (స) తినే వస్తువును తప్ప మరోదాన్ని తాను తిననన్నారు. భర్తమీద, ప్రవక్తమీద ఆమెకున్న ప్రేమ అది. కాని ఆ ప్రేమను ఆమె ఖాలిద్ (రజి) మీద రుద్దలేదు. నీకు ప్రవక్తమీద ప్రేమ లేదా అని అక్క కొడుకునూ, చెల్లెలి కొడుకునూ నిలదీయలేదు. ఇక కానుక తెచ్చిన సోదరి మాట. ఆమె తెచ్చిన నెయ్యినీ, ఎండబెట్టిన పెరుగు గడ్డలనూ దైవప్రవక్త (స) ఆరగించారని, దబ్బ్‌ను మాత్రం విడిచిపెట్టారని ఇంకొక ఉల్లేఖనంలో ఉంది. ఆమె కానుకకూ గౌరవం దక్కింది, ఆయన మనస్సుకూ ఇబ్బంది కలగలేదు.

ఆయన చెప్పిన కారణం కూడా ఆలోచించదగ్గది. ఆ జంతువులో ఏదో దోషం ఉందని అనలేదు. తాను పుట్టి పెరిగిన నేలను కారణంగా చూపారు. పైగా ఆ కారణమైనా ఖాలిద్ (రజి) అడిగినందువల్లనే బయటికి వచ్చింది. దైవప్రవక్త (స) ఏనాడూ ఏ ఆహారానికీ వంక పెట్టలేదని, ఇష్టమైతే తినేవారని, లేకుంటే ఊరుకునేవారని హజ్రత్ అబూ హురైరా (రజి) ఉల్లేఖించారు. మన ఇళ్ళలో వండిన మనిషి ఎదుటనే గిన్నె మూత తీసి ముఖం చిట్లించే పెద్దమనుషులు చాలామంది గడ్డం విషయంలో సున్నత్‌ను ఎంతో శ్రద్ధగా పాటిస్తారు. ఈ సున్నత్ మాత్రం వారికి గుర్తుండదు.

మైమూనా (రజి) వంటి ప్రేమ మరికొందరు సహాబీలలోనూ కనిపిస్తుంది. హిజ్రత్ చేసి మదీనా వచ్చిన తొలిరోజుల్లో దైవప్రవక్త (స) హజ్రత్ అబూ అయ్యూబ్ అన్సారీ (రజి) ఇంట బస చేశారు. అబూ అయ్యూబ్ (రజి) భోజనం పంపి, తిరిగివచ్చిన పళ్ళెంలో దైవప్రవక్త (స) వేళ్ళ గుర్తులున్న చోటు వెదుక్కొని తినేవారు. ఒకరోజు పళ్ళెం ముట్టకుండానే వచ్చింది. అందులో వెల్లుల్లి ఉంది. కంగారుపడి ఇది హరామా అని అడిగారు. కాదు, నాకు ఇష్టంలేదు అంతే అని జవాబు వచ్చింది. అయితే మీకు ఇష్టంలేనిది నాకూ ఇష్టంలేదన్నారు అబూ అయ్యూబ్ (రజి). అలాగే ఒక దర్జీ ఇంటి విందులో దైవప్రవక్త (స) సొరకాయ ముక్కలను పళ్ళెంలో వెదికి మరీ తినడం చూసి, నాటినుంచీ తనకు సొరకాయ అంటే ఇష్టం ఏర్పడిందని హజ్రత్ అనస్ (రజి) చెప్పుకున్నారు. ఖాలిద్ (రజి), అబూ అయ్యూబ్ (రజి) ఇద్దరూ ఒకే ప్రశ్న అడిగారు. ఇద్దరికీ ఒకే జవాబు లభించింది. ఒకరు తిన్నారు, ఒకరు మానుకున్నారు. చరిత్రలో ఏ విద్వాంసుడూ ఒకరిని పొగడటానికి మరొకరిని తక్కువ చేయలేదు.

దీనికి ఎదురుగా కొందరు ఉపన్యాసకులు ఒక కథ చెబుతారు. హనఫీ ఇమాం అబూ యూసుఫ్ (హి.శ. 182, క్రీ.శ. 798లో మరణించారు) సమక్షంలో దైవప్రవక్త (స) కు సొరకాయ ఇష్టమన్న హదీసు ప్రస్తావనకు రాగా, నాకు ఇష్టంలేదని ఒకడు అన్నాడట, ఇమాం గారు కత్తి తెమ్మన్నారట. ఈ కథను పేర్కొన్న హనఫీ గ్రంథాలలోనే దాని వివరణ కూడా ఉంది. ఆ మనిషి హదీసుకు పోటీగా, చులకన భావంతో ఆ మాట అన్నాడు కనుకనే ఇమాం ఆగ్రహించారనీ, స్వభావసిద్ధమైన ఇష్టాయిష్టాలు మనిషి చేతిలో ఉండవనీ వారు రాశారు. ఉపన్యాసాలలో కత్తి వినిపిస్తుంది గాని వివరణ వినిపించదు.

ఇబ్నె అబ్బాస్ (రజి) బాల్యంలో ఇలాంటిదే ఇంకొక దృశ్యం చూశారు. ఇది తిండికంటె చాలా పెద్ద విషయం. బరీరా (రజి) అనే బానిస స్త్రీని హజ్రత్ ఆయిషా (రజి) కొని విడుదల చేశారు. ఆమె భర్త ముగీస్ (రజి) ఇంకా బానిసగానే ఉన్నాడు. స్వేచ్ఛ పొందిన భార్యకు బానిస భర్తతో ఉండాలో వద్దో నిర్ణయించుకునే హక్కును షరీఅత్ ఇచ్చింది. ఆమె విడిపోవడానికి నిర్ణయించుకుంది. ముగీస్ (రజి) మదీనా వీధుల్లో ఏడుస్తూ ఆమె వెంట తిరగడం, కన్నీళ్ళు గడ్డంమీదుగా కారడం తన కళ్ళకు ఇంకా కనబడుతున్నట్లే ఉందని ఇబ్నె అబ్బాస్ (రజి) ఎన్నో ఏళ్ళ తర్వాత చెప్పారు. ఇతనికి ఆమెమీద ఎంత ప్రేమో, ఆమెకు ఇతనిమీద ఎంత విముఖతో చూశారా అని దైవప్రవక్త (స) తమ బాబాయి అబ్బాస్ (రజి) తో ఆశ్చర్యంగా అన్నారు. అబ్బాస్ (రజి) మదీనాలో స్థిరపడింది హి.శ. 8 తర్వాతనే కనుక ఇది కూడా ఆ చివరి సంవత్సరాల సంఘటనే అని వ్యాఖ్యాతలు నిర్ధారించారు.

దైవప్రవక్త (స) బరీరా (రజి) ను పిలిచి, మళ్ళీ అతనితో కలిసి ఉండవచ్చు కదా అన్నారు. ఆమె అడిగిన ప్రశ్న ఇస్లామీయ చరిత్రలో చిరస్మరణీయమైనది. ఇది మీ ఆజ్ఞా? అని అడిగింది. కాదు, సిఫారసు మాత్రమే అని జవాబు. అయితే నాకు అతని అవసరం లేదు అన్నది. అంతే. నిన్నమొన్నటిదాకా బానిసగా ఉన్న స్త్రీ. ఎదుట ఉన్నవారు అల్లాహ్ ప్రవక్త. ఆయన మాట కాదన్నందుకు ఆమె విశ్వాసాన్ని ఎవరూ శంకించలేదు. ఆమె మీద ఆయనకు అసంతృప్తి కలిగినట్లు ఒక్క ఉల్లేఖనం లేదు. ఈనాడు పెళ్ళి సంబంధం కుదిర్చేటప్పుడు, ‘నాన్నగారూ, ఇది మీ ఆజ్ఞా, సలహానా’ అని అడగగలిగిన ఆడపిల్లలు మన సమాజంలో ఎంతమంది? అడిగితే, సలహాయేనమ్మా అని నిజాయితీగా చెప్పగలిగిన తండ్రులు ఎంతమంది? పెద్దల ఇష్టానికి ‘తల్లిదండ్రులపట్ల విధేయత’ అన్న పేరు తగిలించి పిల్లల నోరు మూయించడం సులభం. విధేయత ఖుర్ఆన్ ఆజ్ఞే, సందేహంలేదు. కాని ప్రవక్త (స) సైతం తమ సిఫారసును ఆజ్ఞగా మార్చుకోలేదే!

ఈ రెండు దృశ్యాలూ చూసిన బాలుడు పెద్దవాడై మూడవదాన్ని స్వయంగా ఎదుర్కొన్నాడు. సిఫ్ఫీన్ యుద్ధం (హి.శ. 37, క్రీ.శ. 657) తర్వాత హజ్రత్ అలీ (రజి) పక్షంనుంచి విడిపోయిన ఖవారిజులు హరూరా అనేచోట గుమిగూడారు. రాత్రంతా నమాజులతో, సజ్దాల మచ్చలు పడిన నుదుళ్ళతో, ముతక బట్టలతో ఉన్న మనుషులు వారు. వారితో మాట్లాడడానికి ఇబ్నె అబ్బాస్ (రజి) వెళ్ళారు. వెళ్ళేముందు యమన్ దేశపు వస్త్రాలలో మేలైన జత తీసి ధరించారు. వారు స్వాగతం చెప్పి వెంటనే, ఈ దుస్తులేమిటి అని అడిగారు. దైవప్రవక్త (స) వంటిమీద ఇంతకంటె అందమైన జత చూశాను, మీకు దీంట్లో ఏం తప్పు కనిపించింది అని ఆయన బదులిచ్చారు. అల్లాహ్ తన దాసులకోసం సృష్టించిన అలంకారాన్ని నిషేధించిందెవరని నిలదీసే ఆరాఫ్ సూరా ఆయతును కూడా వినిపించారని ఒక ఉల్లేఖనంలో ఉంది.

ముతక వస్త్రం వేసుకోవడం తప్పు కాదు. హజ్రత్ ఉమర్ (రజి) అతుకుల చొక్కా వేసుకున్నారు. ఖవారిజుల పొరపాటు తమ రుచిని అందరికీ కొలబద్దగా చేయడంలో ఉంది. ఆ కొలబద్ద దుస్తులతో ఆగలేదు. తమతో ఏకీభవించని ముస్లింలను అవిశ్వాసులనడందాకా, చివరకు హి.శ. 40లో హజ్రత్ అలీ (రజి) హత్యదాకా పోయింది. బట్టలమీద అభ్యంతరమే ఆ హత్యకు కారణమని నేననను. రెంటి వెనుకా ఉన్న మనస్తత్వం ఒకటేనంటాను.

దైవప్రవక్త (స) చర్యలలో ఏది ధర్మబోధ, ఏది మానవ స్వభావం, ఏది దేశాచారం అన్న విభజనను తరువాతి ఉసూల్ పండితులు ఎంతో లోతుగా పరిశీలించారు. మన దేశంలో షా వలీయుల్లాహ్ దిహ్లవీ (1703-1762) తమ ‘హుజ్జతుల్లాహిల్ బాలిగా’లో ఈ విషయానికి ఒక ప్రకరణమే కేటాయించారు. అయితే ఒక జాగ్రత్త అవసరం. ఈ విభజన సారాయినీ, వడ్డీనీ, నమాజు ఎగవేతనూ ‘నా అభిరుచి’ అనుకోవడానికి పరవానా కాదు. ఖాలిద్ (రజి) ముందుగా హరామా అని అడిగారు, ఆ తర్వాతనే పళ్ళెం లాక్కున్నారు. ఈ వరుస మారకూడదు.

దబ్బ్ విషయంలోనే ఇమాముల మధ్య భేదం వచ్చింది. మాలికీ, షాఫిఈ, హంబలీ మార్గాలలో అది హలాల్. ఇమాం అబూ హనీఫా (రహ్మ), ఆయన శిష్యులు దాన్ని మక్రూహ్ అన్నారు. ఆయిషా (రజి) తనకు కానుకగా వచ్చిన దబ్బ్‌ను బిచ్చమడిగిన వ్యక్తికి ఇవ్వబోతే, నువ్వు తిననిది ఇస్తావా అని దైవప్రవక్త (స) వారించారన్న హదీసు వారి ఆధారాలలో ఒకటి. మన తెలుగు నేలమీద ముస్లింలు అత్యధికులు హనఫీలే. దబ్బ్ మనకు ఎదురుపడదు గాని రొయ్య ఎదురుపడుతుంది. నీటి జంతువులలో చేప ఒక్కటే హలాల్ అన్నది హనఫీ సూత్రం. రొయ్య చేపలలోకి వస్తుందా రాదా అన్నదానిమీద హనఫీ ఉలమాలోనే రెండు అభిప్రాయాలు. కోస్తా జిల్లాల్లో రొయ్యలతోనే పెరిగిన పిల్ల, దాన్ని ముట్టని ఇంటికి కోడలిగా వెళితే ఏమవుతుందో నేను వేరుగా చెప్పనక్కరలేదు. హైదరాబాదులోని బార్కస్‌లో హద్రమౌత్‌నుంచి వచ్చిన అరబ్బుల సంతతివారు షాఫిఈలు. వారికి రొయ్య విషయంలో సందేహమే లేదు. అసర్ నమాజు వేళ కూడా హనఫీలకంటె ముందే ప్రవేశిస్తుంది. ఒకే నగరంలో రెండు వేళలకు అజాన్ వినిపిస్తే ఎవరి నమాజూ చెడిపోలేదు.

ఈ సందర్భంలో ఇమాం తహావీ (హి.శ. 321, క్రీ.శ. 933లో మరణించారు) ఇంటి సంగతి చెప్పుకోవాలి. ఈజిప్టుకు చెందిన ఈయన మేనమామ ఇమాం ముజనీ (హి.శ. 264, క్రీ.శ. 878లో మరణించారు). ఇమాం షాఫిఈ (రహ్మ) శిష్యులలో అగ్రగణ్యుడు. తహావీ చిన్ననాడు మేనమామ దగ్గరే చదువుకున్నారు. తరువాత ఆయన మార్గం విడిచి హనఫీ అయ్యారు. కారణం గురించి రెండు కథనాలున్నాయి. నీవల్ల ఏమీ కాదని మేనమామ కోపంలో ఒట్టుపెట్టి అన్నందుకు నొచ్చుకొని వెళ్ళిపోయారని ఒకటి. మేనమామే ఎప్పుడూ అబూ హనీఫా (రహ్మ) వర్గంవారి గ్రంథాలు చదువుతూ ఉండడం చూసి తానూ అటు మొగ్గానని తహావీయే చెప్పారని మరొకటి. రెండవదే సహజంగా తోస్తుంది. ఇంట్లో పెద్దలు దాచుకొని చదివే పుస్తకాలమీదనే కదా పిల్లల చూపు పడేది!

అయితే హనఫీగా మారిన తహావీ, ‘షర్హు మఆనిల్ ఆసార్’లో దబ్బ్ చర్చ వచ్చినప్పుడు ఇబ్నె అబ్బాస్ (రజి) హదీసులను ముందుంచుకొని, ఆయిషా (రజి) హదీసు తనకు నచ్చనిది దానమివ్వడం గురించిన మందలింపే గాని నిషేధం కాదని వివరించి, తినడంలో దోషం లేదని తేల్చారు. అంటే ఈ విషయంలో తాను చేరిన మార్గంవారిని కాదని, విడిచివచ్చిన మేనమామ మార్గంవారితో ఏకీభవించారు. పెద్ద విద్వాంసుడై గ్రంథం రాసిన తర్వాత, మా మామయ్య బతికి ఉంటే ఆనాటి ఒట్టుకు ప్రాయశ్చిత్తం చెల్లించుకోవలసి వచ్చేది అని ఆయన అన్నారని చరిత్రకారులు రాశారు. ఇమాం షాఫిఈ (రహ్మ) ఉల్లేఖించిన హదీసుల సంపుటి ‘అస్సునన్’ మనకు అందింది ఈ హనఫీ మేనల్లుని ద్వారానే. ఆయన దాన్ని మేనమామ ముజనీ నోట విని, ఆయన పేరుమీదనే ఉల్లేఖించారు.